గంజాం సత్రం గోడకి గుల్ల సున్నం

విజయనగరంలో బండి ఎక్కేసరికి ఉదయం ఆరూ ఇరవై. జనరల్ పెట్టెలో కిటికీ పక్క చోటు దొరికింది. ముప్పై ఏళ్ళుగా సిమెంటు అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి, సున్నం కోసం బయల్దేరాను. "షాపు మూసుకుని సున్నానికి పోయే సిమెంటు షావుకారు లోకంలో మీరొక్కరే," అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి. ఎందుకు పోతున్నానో ఆవిడకి తెలుసు కాబట్టి అంతకంటే ఏమీ అనలేదు. చేతిసంచిలో నాలుగు ఇడ్లీలు, మంచినీళ్ళ సీసా పెట్టింది.

మీకూ చెప్పాలి కదా. మా అమ్మ నన్ను కడుపుతో ఉండగా ఎనిమిదో నెలలో పూరీ యాత్రకి బయల్దేరింది. అలాంటి సమయంలో ఎందుకని అడక్కండి, మొక్కు. గంజాం చేరేసరికి నొప్పులొచ్చాయి. అక్కడ పూరీ వెళ్ళే యాత్రికుల కోసం మన తెలుగు వర్తకులు ఎప్పుడో కట్టించిన ఇటిక సత్రం ఒకటుంది. దాని వెనక గదిలో నేను పుట్టాను. సత్రం చూసుకునే నరసమ్మగారు పురుడు పోసి, ఇరవయ్యొక్క రోజులు అమ్మని మంచం దిగనివ్వలేదట. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ గది మాటే చెప్పేది. "నీకు ముందు నీళ్ళు పోసింది ఆ గోడ పక్కన్రా," అనేది.

అమ్మ పోయిన ఏడాది, అంటే పన్నెండేళ్ళ కిందట, ఆవిడ పేరు నిలబెడదామని లారీలో సిమెంటు వేసుకుని గంజాం వెళ్ళాను. ఆ గది వెనక గోడ పాత సున్నం అక్కడక్కడ ఊడి, ఇటికలు కనిపిస్తున్నాయి. మిగిలిన సున్నమంతా గొడ్డలితో చెక్కించి, నున్నగా, దళసరిగా సిమెంటు ప్లాస్టరింగు చేయించాను. మా షాపులో ఉన్నవాటిలో బాగా గట్టి రకం. మధ్యలో చలవరాతి పలక పెట్టించాను, అమ్మ పేరుతో. ఊరు తిరిగొచ్చాక నెల రోజులు ఆ గోడ ఫోటో అందరికీ చూపించుకున్నాను.

కిందటి నెల సావిత్రక్క ఫోన్ చేసింది. నరసమ్మగారి కూతురు. అరవై దాటింది, ఎవరూ లేరు, సత్రం ఊడ్చుకుంటూ ఆ వెనక గదిలోనే ఉంటుంది. "తమ్ముడూ, నీ గోడ పొట్ట పెట్టినాదిరా," అంది. నీ గోడ! బరంపురం నుంచి సత్రం కమిటీవాళ్ళు వచ్చి చూసి, వానల్లోపు ఏదో ఒకటి తేల్చేస్తామన్నారట. పాత గోడల పని తెలిసిన మేస్త్రి ఎవరైనా చూసి బాగుచేసి, నిలబడుతుందని మాట ఇస్తే ఉంచుతారు. లేదంటే వెనక భాగమంతా పడగొట్టి రోడ్డువైపు తలుపులతో షాపులు కడతారు. అక్క గది పోతుంది. నేను వాళ్ళనీ వీళ్ళనీ అడిగి బరంపురంలో సున్నం పని చేసే ముసలి మేస్త్రి ఉన్నాడని తెలుసుకున్నాను. ఫోన్లో ఆయన అన్న మొదటి మాట, "ముందల ఆ సిమెంటు పీకీయాల బాబూ." ఆ మాట పట్టుకుని ఈ ప్రయాణం.

ఎదురు సీటాయన బరంపురంలో అప్పడాల వ్యాపారి. వాళ్ళ తాతల కాలం నుంచీ అక్కడే. పలాస దాటాక జీడిపప్పు పొట్లం విప్పి నాకూ పెట్టి, ఏం పని మీద వెళ్తున్నానని అడిగాడు. సున్నం కోసం అన్నాను.

"కిళ్ళీకొట్టా మీది?"

"గోడకండీ. పాత గోడకి."

"ఈ రోజుల్లో గోడకి సున్నమేటండీ బాబూ! సిమెంటు ఏసీండి. సచ్చినా కదల్దు."

నా షాపులో కూర్చుని రోజుకి పదిసార్లు నేను చెప్పే మాటే అది. జీడిపప్పు నములుతూ తలూపాను. ఇచ్ఛాపురం దాటాక సిగ్నలు పడక బండి గిరిసోల దగ్గర కాసేపు నిలబడింది. అక్కణ్ణుంచి బోర్డుల మీద అక్షరాలు ఒడియాలోకి మారిపోతాయి. జనం మాత్రం ఈ పక్కా ఆ పక్కా ఒక్కలాగే ఉంటారు. బరంపురంలో దిగేసరికి పది కావస్తోంది. స్టేషన్ బయట బండి దగ్గర వడలు తిన్నాను. చట్నీతో పాటు వాటి మీద బఠాణీల ఘుగుని కూడా పోస్తారిక్కడ. మొదటిసారి తినేవాళ్ళు వద్దనకండి, బాగుంటుంది. మా ఆవిడ ఇడ్లీలు సంచిలోనే ఉండిపోయాయి.

ఆటోకి డెబ్బై అడిగాడు, అరవైకి హల్దియాపదర్‌లో దింపాడు. అప్పన్న మేస్త్రి ఇల్లు చూపించడానికి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. సందు మొదట్లోనే కరక్కాయ నానిన వగరు వాసన కొట్టింది. ఆయన కోడలు మూడు రోజులుగా పెద్ద కుండలో కరక్కాయలు, బెల్లం నానబెట్టి ఉంచింది. సున్నంలో కలపడానికి ఆ నీళ్ళే కావాలట.

అప్పన్నకి డెబ్బై అయిదు ఉంటాయి. సన్నటి మనిషి. అరచేతులు బీటలువారిన నేలలా ఉన్నాయి, కుడిచేతికి రెండు గోళ్ళు లేవు. కొడుకు టైల్సు పనికి కటకం దాకా పోతాడట. గోనెసంచిలోంచి తాపీ, చెక్క, రూళ్ళకర్ర, మెరుగు పెట్టే నున్నటి రాయి తీసి మంచం మీద పరిచి, పాత చుట్టాల్ని చూపించినట్టు ఒక్కొక్కటీ చూపించాడు.

"పదేళ్ళయినాది బాబూ, నన్నీ పనికి పిలిసినోడు నేడు. పిలిసినోడివి నువ్వూ సిమెంటు సావుకారివి," అని నవ్వాడు.

"అందుకే వచ్చాను మేస్త్రీ. చేసింది నేనే కదా."

"మరైతే ఒక మాట. సైటులో ఒక్క సిమెంటు బస్తా అగపడినా నాను తాపీ కింద పెట్టీసి ఎల్లిపోతాను. కొట్లో అమ్మే పొడి సున్నం కూడా నాకొద్దు. గుల్ల సున్నం కావాల. అది మార్కండిలో పైడమ్మ దగ్గిరుంటాది. ఉంటే ఉంటాది, నేకపోతే ఇంకెక్కడా నేదు."

పదకొండున్నరకి ఇద్దరం సామాన్ల ఆటో మాట్లాడుకుని మార్కండి వెళ్ళాం. ఎండ చురుక్కుమంటోంది, గాలి ఉప్పగా తగులుతోంది. సముద్రం కనిపించేలోపే ఎండుచేపల వాసన వచ్చింది. రోడ్డు పక్కన వలలు ఆరేసుకున్నారు. పైడమ్మ ఇల్లు ఊరికి చివర. ఇంటి వెనక నడుమెత్తు మట్టిగోడతో గుండ్రటి బట్టీ ఉంది. ఒకప్పుడు గవ్వలూ ఆల్చిప్పలూ బొగ్గుతో దొంతరగా పేర్చి అందులో కాల్చేవారు. ఇప్పుడు దాని నిండా ముళ్ళకంప మొలిచింది. బట్టీ ఆరిపోయి మూడేళ్ళయిందని చూడగానే అప్పన్న చెప్పేశాడు. అనవసరంగా వచ్చామనుకున్నాను.

పైడమ్మ చేపల గంప దించి, కొంగుతో చేతులు తుడుచుకుని మా మాట వింది. ఇంటి పక్కకి నడిచింది. ఇసక తోసి, తాటాకులు ఎత్తింది. కింద గుంట. గుంట నిండా తెల్లటి సున్నం, మీద జానెడు నీళ్ళు.

"ఆడు కాల్సిన ఆకరి బట్టీ ఇది," అంది. ఆడంటే ఆవిడ భర్త. "కాల్సి, నీళ్ళు కొట్టి ఇరగదీసి, గుంటలో పోసినాడు. పది రోజులకి పోయినాడు. దీనికి నీళ్ళు ఎండనీకే అన్నాడు. మూడేళ్ళుగా పోత్తన్నాను."

"ఎవరికోసం అమ్మా?"

"ఎవులికోసమేటి బాబూ. ఎండనీకన్నాడు, ఎండనీనేదు."

అప్పన్న మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో ఒక చెక్క కోసి తీశాడు. వెన్న కోసినట్టు కోసుకుంది. తాపీ అంచుకి ఏమీ అంటుకోలేదు. సున్నం ఎంత నానితే అంత మంచిదని, నాలుగు వారాలు నానిందే ఈ రోజుల్లో దొరకదని, ఇది మూడేళ్ళు నానిందని వరసగా చెప్పుకుపోతున్నాడు. "ఇలాటిది నాను సూసి ఇరవై ఏళ్ళయినాది బాబూ," అన్నాడు. నాకూ ఉత్సాహం వచ్చి చొక్కా చేతులు మడిచి ఒట్టి చేతులతో తోడబోయాను. మాస్టారు చెప్పని పాఠం సున్నం చెప్పింది. వేళ్ళ సందులన్నీ భగ్గుమన్నాయి. పైడమ్మ నా చేతుల మీద కొబ్బరినూనె పోసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు నవ్వుతూ అనుకున్నాను. మర్నాడు నవ్వులాటగా అనిపించలేదు.

రెండు నీలం డ్రమ్ములు నిండాయి. గుంట ఖాళీ అయింది. ఆవిడ అడిగినంత ఇచ్చాను, బేరం ఆడలేదు. ఆటో కదులుతుంటే దగ్గరికొచ్చి డ్రమ్ము మీద చెయ్యి పెట్టింది.

"మంచి గోడకేనా బాబూ?"

"మంచి గోడకేనమ్మా," అన్నాను.

ఆ సాయంత్రం బరంపురంలో బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది పరవాలేదు, దోమలు మాత్రం ఉచితం. వెళ్ళేవాళ్ళు పై అంతస్తు అడగండి, నీళ్ళు సన్నగా వచ్చినా గాలి వస్తుంది. పక్కన హోటల్లో అన్నం, పప్పు, వంకాయ వేపుడు తిని ఎనిమిదింటికే పడుకున్నాను. చేతులు మండుతున్నా నిద్ర పట్టింది. ఆ గోడ తెల్లగా, చల్లగా మెరుస్తుంటే అమ్మకి చూపిస్తున్నట్టు ఏదో కల కూడా వచ్చింది.

రెండో రోజు ఆరింటికి అదే ఆటోలో డ్రమ్ములు, కరక్కాయ నీళ్ళ డబ్బాలు, అప్పన్న, నేను. ఛత్రపురంలో ఆగి టీ తాగాం. రుషికుల్య వంతెన మీద ఆటో నెమ్మదించినప్పుడు అప్పన్న ఏటికి దణ్ణం పెట్టాడు. "ఈ ఏటి పక్క ఊర్లలో గోడలన్నిటికీ ఒకటే జబ్బు బాబూ. కింద్నుంచి తేమ, మీద్నుంచి ఉప్పుగాలి. పాతోళ్ళకి తెలుసు. అందుకే సున్నం ఏసినారు. తేమ లోనకి పోతాది, బయటికొచ్చీసి ఎండిపోతాది. గోడ ఊపిరి తీత్తాది." సిమెంటు వేస్తే ఏమవుతుందని నేను అడగలేదు. పావుతక్కువ ఎనిమిదికి గంజాం చేరాం.

సావిత్రక్క సత్రం ముందు నీళ్ళు చల్లి ముగ్గేసి ఉంచింది. నన్ను చూడగానే చేతులు పట్టుకుని, బొబ్బలు చూసి, "ఇదేటిరా!" అని లోపలికి పరిగెత్తి వెన్న తెచ్చింది. ఆవిడకి ఒడియా, తెలుగు రెండూ ఒకే నోట్లో ఉంటాయి. "కంథ సూడు తమ్ముడూ, కంథ," అంటూ గోడ దగ్గరికి లాక్కుపోయింది. కంథంటే ఒడియాలో గోడ.

గది చిన్నది. నులక మంచం, ఇనప పెట్టె, దేవుడి పటాలు. కిటికీ పక్కన నా గోడ. సిమెంటు ఎక్కడా పగల్లేదు. నిజం చెప్పాలంటే పన్నెండేళ్ళ తర్వాత కూడా మా షాపు పేరు నిలబెట్టేలా ఉంది. మొత్తం గోడ మాత్రం నడుము దగ్గర గదిలోకి ఉబ్బి, నిండు గర్భిణిలా ఉంది. మధ్యలో అమ్మ పేరు పలక కొంచెం ముందుకి వాలి చూస్తోంది. కింద నేలంతా తెల్లటి ఉప్పు పొడి.

అప్పన్న తాపీ పిడితో ఈ మూల నుంచి ఆ మూల దాకా తడుతూ పోయాడు. తట్టడం, చెవి ఆనించడం, ఒక అడుగు జరగడం. అరగంట పట్టింది. నాకు పై భాగం శబ్దం ఒకలాగ, కింది భాగం శబ్దం ఇంకోలాగ వినిపించాయి. అక్క పెట్టె, మంచం వరండాలోకి మార్పించాడు. బజారు నుంచి మూడు సరుగుడు గుంజలు తెప్పించి పైదూలానికి ఊతాలు పెట్టించాడు. అవి పెట్టేసరికి పదిన్నర.

"ఎనక్కి నిలబడండి," అని ఉలితో గోడకి కింద మూలలో జానెడు చదరంగా గాటు పెట్టాడు.

జానెడే పెట్టాడు. తలుపంత పెచ్చు ఒక్కసారిగా కదిలి, నిలువునా జారి, నేల మీద పడి రెండు ముక్కలైంది. పలక దానితోపాటే వచ్చి ముక్కలైంది. దాని వెనకాల నుంచి చిరిగిన సంచిలోంచి కారం కారినట్టు ఎర్రటి పొడి బొలబొలా కారింది. కారుతూనే ఉంది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దుమ్ము సర్దుకున్నాక అప్పన్న పెచ్చుని వెనక్కి తిప్పాడు. ఇటికల ముఖాలన్నీ దానికే అంటుకుని ఉన్నాయి, వరస వరసగా, చెక్కు చెదరకుండా. సిమెంటు వాటిని వదల్లేదు. గోడే వాటిని వదిలేసింది.

ఆయన కన్నంలో చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా పోయింది.

"సిమెంటు గట్టిదే బాబూ," అన్నాడు చెయ్యి బయటికి తీస్తూ. "సచ్చినా కదల్దు. తేమ బయటికి రాడానికి దారి నేక లోనే ఉండిపోనాది. ఉప్పు ఉబ్బి ఇటికని తినీసినాది. రెండిటికల గోడ ఇది, ఒకటిన్నర ఇటిక బుగ్గయిపోనాది."

"ఎంత మేర?"

"తట్టినాను కదా. నడుమెత్తు దాకా ఈ మూల నుంచి ఆ మూలకి. పైదంతా పెచ్చు మీద నిలబడినాది, గోడ మీద కాదు."

సిమెంటు పీకి, చెడిన ఇటికలు నాలుగు మార్చి, ఆ సున్నం వేసి, వారం రోజులు తడుపుకుంటే సరిపోతుందనుకుని వచ్చాం ఇద్దరం. మూడేళ్ళు పండిన సున్నం వరండాలో రెండు డ్రమ్ముల్లో ఉంది. అది పట్టుకునే గోడ లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మా అమ్మ అనేది. ఇక్కడ నానబోసింది మంచిదే, పుచ్చింది నేను పూసింది.

సావిత్రక్క అప్పుడు అప్పన్న దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"మేస్త్రీ, ఆ బుగ్గి లోనకి తోసీసి, ఇటిక ముక్కలెట్టీసి, మీదన మీ సున్నం పూసీండి. ఎవులికీ అగపడదు. కమిటీవోళ్ళు వొచ్చి తెల్లగుంటే సూసి ఎల్లిపోతారు. నానెన్నాళ్ళుంటానేటి ఇంక."

నిజం రాస్తున్నాను. ఒక్క క్షణం నేనూ మేస్త్రి ముఖం వైపు ఆశగా చూశాను. ఆయన సరే అంటే నేను నోరు మూసుకుని ఊరుకునేవాణ్ణి. ఆ సున్నం ఎంత తెల్లగా వస్తుందో, ఫోటోలో ఎంత బాగుంటుందో కూడా నా బుర్రలో మెదిలింది.

"సున్నం గోడ మీద ఏత్తారమ్మా, బుగ్గి మీద ఏత్తారా?" అన్నాడు అప్పన్న. "నాను పూసీగలను. నున్నగా మెరుగెట్టీగలను. తర్వాత నువ్వొచ్చి దీని పక్కన పడుకుంటావు. వానొత్తాది. అప్పుడు నాను హల్దియాపదర్‌లో ఎలా పడుకుంటాను?"

అక్క నా వైపు తిరిగి చూసింది. అడిగినా బాగుండేది, తిట్టినా బాగుండేది. "నువ్వే పూయించావురా" అని ఒక్క మాటంటే కాళ్ళు పట్టుకునేవాణ్ణి. ఆవిడ ఆ పలక ముక్కల్లోంచి అమ్మ పేరున్న ముక్క తీసి, దుమ్ము తుడిచి, దేవుడి పటాల పక్కన పెట్టి వంట మొదలెట్టింది.

కమిటీ సెక్రటరీకి ఫోన్ చెయ్యాల్సింది నేనే. పన్నెండున్నరకి సత్రం బయట నిలబడి చేశాను. మేస్త్రి మాట ఇవ్వలేనన్నాడని, వానలదాకా కూడా ఆగవద్దని, గది వెంటనే ఖాళీ చేయించమని చెప్పాను. నన్ను కన్న గది. నా నోటితో నేనే చెప్పాను.

"ఏటంటే బాబూ, మాకూ అదే అనుమానం," అన్నాడాయన. బరంపురంలో పెద్ద టోకు వ్యాపారి, మంచివాడే. "సావిత్రమ్మని రోడ్డు మీద పడీయంలెండి, ఏదో ఒకటి సూద్దాం. మీరేం బాధపడకండి. మీ అమ్మగారి పేరు కొత్త షాపుల గోడకి పెద్ద పలక మీద ఎక్కిత్తాం. ఈసారి మొత్తం సిమెంటుతోనే కడతాం."

నేను "చిత్తం" అన్నాను.

ఒంటిగంటన్నరకి అక్క వరండాలో ఆకులేసి వడ్డించింది. వేడన్నం, కూరగాయలన్నీ వేసి చేసిన దాల్మా, మామిడి పచ్చడి. ఇలాంటి భోజనం గంజాంలో ఏ హోటల్లోనూ దొరకదు. నా వేళ్ళు మండి ముద్ద కలపలేకపోతుంటే ఆవిడే చెంచా తెచ్చి ఇచ్చింది. "కారం తగిల్తే నెప్పెడతాదిరా," అంది. నాకు ఏడుపొచ్చింది. పచ్చడి ఘాటని చెప్పాను.

భోజనం అయ్యాక అప్పన్న సత్రం పెరట్లో జామచెట్టు పక్కన గుంట తవ్వాడు. మంచి సున్నం డ్రమ్ముల్లో ఉంచితే గాలికి గడ్డకట్టి రాయవుతుందట. గుంట అడుగున సత్రానివే మంచి ఇటికలు పరిచి, రెండు డ్రమ్ములూ ఒంపి, మీద బిందెడు నీళ్ళు పోసి, కొబ్బరి మట్టలు కప్పాడు.

"రోజూ ఓ బిందె నీళ్ళు పోత్తా ఉండమ్మా. పదేళ్ళయినా పాడవ్వదు. ఎవులికో ఒకలికి పనికొత్తాది."

"నానెక్కడుంటానో నాకే తెల్దు మేస్త్రీ," అంది సావిత్రక్క. "దీనికి నీళ్ళెవులు పోత్తారు?"

అప్పన్న వంగి కొబ్బరి మట్టలు ఇంకోసారి సర్దాడు. నాతో విజయనగరం వచ్చెయ్యమన్నాను. "అక్కడ నాకేటి పని?" అని నవ్వేసింది.

నాలుగింటి బస్సుకి ఇద్దరం తిరిగి బయల్దేరాం. అప్పన్న సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లోపలున్న మెరుగురాయికి తడి కూడా తగల్లేదు. రుషికుల్య వంతెన మీద ఈసారి దణ్ణం పెట్టలేదు. ఛత్రపురం దాటాక అడిగాడు.

"పైడమ్మ అడిగితే ఏటి సెప్పను బాబూ? ఏసీసినాం, గోడ బాగున్నాదని సెప్పీనా?"

"చెప్పగలవా?"

"సెప్పలేను," అన్నాడు. బరంపురంలో దిగాక కూలి ఇవ్వబోతే, పని చెయ్యలేదు కదా అని పుచ్చుకోలేదు. బలవంతం చేస్తే టీ డబ్బులు తీసుకున్నాడు.

మూడో రోజు ఉదయం ఏడూ పదికి బరంపురంలో బండి ఎక్కాను. ఆదివారం కాబట్టి ఖాళీగానే ఉంది. టిక్కెట్టు కౌంటరు దగ్గర చేతులకి గుడ్డ చుట్టుకున్నానని ముందున్నావిడ జరిగి చోటిచ్చింది. గిరిసోల, ఇచ్ఛాపురం. బోర్డులు మళ్ళీ తెలుగులోకి వచ్చాయి. నాకు ఏమీ చదవబుద్ధి కాలేదు. దారి పొడుగునా పట్టాల పక్క పాత స్టేషన్ క్వార్టర్లు, గోదాములు, ఇటిక గోడలు. ఇన్నాళ్ళూ ఈ దారిలో ఎన్నిసార్లో పోయాను, ఒక్క గోడనీ చూడలేదు. ఇప్పుడు ప్రతి గోడ మీదా నున్నటి సిమెంటు పూతే కనిపిస్తోంది. వాటిలో ఎన్ని మా షాపు నుంచి పోయినవో అనుకున్నాను.

పలాసలో ఫోన్ మోగింది. మా చుట్టాల ఊరి పెద్దమనిషి. "బావగారూ, మా రామమందిరం ఇటిక గోడలు పాతబడిపోయాయండీ. సున్నం రాలుతోంది. గంజాంలో మీ అమ్మగారి పేర్న చేయించారు కదా, ఫోటో చూశాను. మాకూ అలాగే పుణ్యం కట్టుకోండి. పలక పెట్టిస్తాం."

వద్దన్నాను. సిమెంటు వెయ్యొద్దండీ, గోడ చచ్చిపోతుంది, సున్నమే వేయించండి, మేస్త్రిని నేను పంపిస్తాను అని చెప్పాను. పెట్టెలో వాళ్ళంతా నా వైపు తిరిగేంత గట్టిగా చెప్పాను.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి బావగారూ. ఇన్ని మాటలెందుకు," అని పెట్టేశాడు. మా షాపు పక్క వీధిలో ఇంకో సిమెంటు షాపుంది. సోమవారం అక్కడికి వెళ్తాడు. ఒక గోడకి ఆలస్యంగా వెళ్ళాను, ఇంకో గోడకి ముందే చెప్పాను. జరిగేది ఒక్కటే. అది నాకు బండిలో కూర్చునే తెలిసిపోయింది.

నా వెనక ఎవరైనా ఆ దారిన వెళ్తే చెప్పాల్సింది పెద్దగా లేదు. బరంపురంలో వడలు తినండి. హల్దియాపదర్‌లో అప్పన్న ఉన్నాడు, గంటసేపు కూర్చుంటే మీ ఇంటి గోడల గురించి మీకు తెలియనివి చెప్తాడు. గంజాం సత్రం చూడాలనుకుంటే మాత్రం వానల్లోపే వెళ్ళండి. వెనక వైపుకి పోకండి, ఊతాల మీద ఉంది.

విజయనగరం ఇంకో గంట ఉందనగా ఆగలేక అక్కకి ఫోన్ చేశాను. కమిటీవాళ్ళు పొద్దున్నే వచ్చి కొలతలు తీసుకున్నారట. తను వరండాలోనే పడుకుందట. నా చేతులెలా ఉన్నాయని అడిగింది. తగ్గాయన్నాను. ఆ గుంటలో నీళ్ళు పోశావా అక్కా అని అడిగాను.

"ఈ పూటకి పోసినాను తమ్ముడూ," అంది.